గురక పెడతారా? లేదు

(రాజమండ్రి కంబాలచెరువు పార్కులో పొద్దున్నే నడిచే మిత్రుల ఆదివారం సమావేశంలో ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు ఇంకాస్త దగ్గర పెట్టుకోమంటున్నారు, సరే. ముప్పై ఏళ్లు ఎనభై మంది పిల్లలకి మైకు లేకుండా పాఠం చెప్పాను. ఇవాళ పాతిక మందికి మైకు కావాల్సొచ్చింది.

"బరువు తగ్గడం గురించి నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ" అన్నారు మన సెక్రటరీ గారు. నన్ను చూస్తే ఆ అర్హత ఉన్నట్టు కనిపించదు కదా! (నవ్వులు) నేను డాక్టర్ని కూడా కాదు. అందుకని తగ్గడం గురించి కాకుండా కొలవడం గురించి చెబుతాను. అదైతే నా సబ్జెక్టే.

నిరుడు నిద్రకీ బరువుకీ సంబంధం మీద జరిగిన ఒక పరిశోధనలో నేనూ ఒక మనిషిగా చేరాను. రెండు వారాలు. చేయించిన సంస్థ పేరు చెప్పను. వాళ్ల తప్పేం లేదు, నేను చెప్పబోయే తప్పులన్నీ నావే కాబట్టి వాళ్ల పేరు లాగడం బాగుండదు. విశేషమేమిటంటే అందులో ఆసుపత్రి లేదు, మంచం లేదు, సూదులు లేవు. మన ఇల్లు, మన పక్క, మన వంటిల్లు. నెత్తి మీద మన ఫ్యానే. "ఇంతేనా, ఇందులో ఏముంది" అనుకునే చేరాను.

మొదటి రోజు ఒకమ్మాయి ఫారం పట్టుకుని మా ఇంటికొచ్చింది. బోలెడు ప్రశ్నలు. అందులో మూడు నాకిప్పటికీ గుర్తే. గట్టిగా గురక పెడతారా? లేదు. పడుకున్నాక ఫోన్ చూస్తారా? లేదు. రాత్రి భోజనం అయ్యాక ఏమైనా తింటారా? లేదు. టకటకా మూడు టిక్కులు. అబద్ధం ఆడుతున్నానన్న స్పృహ కూడా లేదండి నాకు. నా గురించి నాకున్న అభిప్రాయం అది, అంతే.

మూడు వస్తువులిచ్చారు. చేతికి కట్టుకునే పట్టీ, బరువు చూసే మిషను, నిద్ర డైరీ అని పద్నాలుగు పేజీల పుస్తకం.

పట్టీ చూడ్డానికి వాచీలా ఉంటుంది గానీ టైము చూపించదు. లోపల యాక్సెలరోమీటర్ అని చిన్న ముక్క ఉంటుంది. మీ ఫోన్ని అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా అడ్డంగా తిరుగుతుందే, ఆ పని చేసేది అదే. చెయ్యి ఎటు కదిలింది, ఎంత జోరుగా కదిలింది, ఇదంతా రాసుకుంటూ పోతుంది. ఇక్కడొక మెలిక ఉంది. దానికి నిద్ర అంటే ఏమిటో తెలియదు, కదలిక ఒక్కటే తెలుసు. మీరు కదలకుండా పడుకుని తీరని అప్పు గురించి ఆలోచిస్తున్నా, పాపం, నిద్రపోతున్నారనే అనుకుంటుంది. అందుకే పక్కన డైరీ. దీపం ఎప్పుడు ఆర్పారు, మెలకువ ఎన్నిసార్లు వచ్చింది, ఎందుకొచ్చింది, పొద్దున ఎన్నింటికి లేచారు, ఇవన్నీ మనం రాయాలి. యంత్రం చెప్పేదీ మనిషి చెప్పేదీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

బరువు సంగతికొస్తే, పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, మంచినీళ్లు కూడా తాగకముందు, రోజూ ఒకే చోట, గట్టి బండ మీద మిషను పెట్టి చూసుకోవాలి. చాప మీద పెడితే లెక్క తప్పుతుంది. ఒక రాత్రి ఆవకాయన్నం కాస్త గట్టిగా లాగించాను. మర్నాడు కిలోకి దగ్గర పెరిగినట్టు చూపించింది. గుండె గుభేలుమంది. తర్వాత ఆలోచిస్తే, ఒక్క రాత్రిలో కిలో కొవ్వు ఎక్కడినుంచి వస్తుంది? ఉప్పు పట్టుకుని కూర్చున్న నీళ్లు అవి. రెండ్రోజుల్లో దిగిపోయింది. అందుకే ఒక్క రోజు అంకె చూసి వాళ్లు ఏదీ తేల్చరు. రోజూ అడుగుతారు. మనమే, పెళ్లికెళ్లొచ్చిన మర్నాడు మిషనెక్కి టెన్షన్ పడతాం.

మొదటి మూడు రోజులూ నేను బుద్ధిమంతుణ్ని. పదింటికల్లా పక్క ఎక్కాను. చేతికి పట్టీ ఉంటే ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజు కాలేజీలా అయిపోతాం కదా. ఆ అమ్మాయి ఫోన్ చేస్తే మా ఆవిడ నవ్వుతూ చెప్పేసింది, "నీ పట్టీ కట్టాక ఈయన పదింటికే పడుకుంటున్నారమ్మా, ఇంకో నాలుగేళ్లు ఉంచెయ్" అని. ఆ అమ్మాయి మాత్రం కంగారుపడింది. "అయ్యో సార్, మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. మాకు అదే కావాలి" అంది.

సరేనని నాలుగో రోజు నుంచి రోజూలాగే ఉన్నాను. రోజూలాగే ఉండటమంటే, డైరీ రాయడం కూడా మానేశాను. (నవ్వులు)

తొమ్మిదో రోజు పొద్దున్నే ఫోన్. "సార్, పదకొండింటికి వస్తున్నాను." డైరీ తీస్తే ఐదు పేజీలు తెల్లగా ఉన్నాయి. ప్రాక్టికల్ పరీక్ష రేపనగా రాత్రికి రాత్రి రికార్డు నింపుకొచ్చిన పిల్లల్ని నా సర్వీసంతా ఎన్ని మాటలన్నానో! ఆ పాపమంతా ఆ పూట అనుభవించాను. కూర్చుని ఐదు రోజుల నిద్రా రాసేశాను. పదిన్నర, పదీ నలభై, పదిన్నర. అనుమానం రాకుండా రెండు రకాల పెన్నులు కూడా వాడాను. పిల్లలు చేసే పనే.

ఆ అమ్మాయి వచ్చి పట్టీని లాప్‌టాప్‌కి తగిలించింది. తెర మీద నల్లటి గీతలు, మా ఇంట్లో గడిచిన ఎనిమిది రాత్రులూ వరసగా. డైరీ పక్కన పెట్టుకుని, చాలా మర్యాదగా అడిగింది. "సార్, మొన్న గురువారం పదిన్నరకి దీపం ఆర్పానని రాశారు. పదకొండూ నలభైకి బాగా నడిచినట్టుందే. ఒంట్లో బాగాలేదా?"

ఒంట్లో బాగానే ఉంది. ఆ నడక వంటింటి దాకా. పై అరలో స్టీలు డబ్బా. ఆ మూత చప్పుడు కాకుండా తియ్యాలంటే ఒక చేత్తో డబ్బాని పొట్టకి అదిమి, రెండో చేత్తో మూతని కొద్దికొద్దిగా తిప్పాలి. అందులో చేగోడీలు. ఐదో ఆరో తిన్నాను, పెరుగన్నం తిన్న రెండు గంటలకి. అంతకుముందు ఫోన్లో పాత క్రికెట్ మ్యాచి ఒకటి చూశాను. ఒక్క గీత దెబ్బకి ఫారంలో రెండు "లేదు"లు ఎగిరిపోయాయి. లోపల్నుంచి మా ఆవిడ గొంతు, "డబ్బా ఎవరు ఖాళీ చేస్తున్నారా అని పది రోజుల్నుంచి చూస్తున్నాను" అని.

అప్పుడా అమ్మాయి అన్న మాట చెప్పడానికే ఇవాళ ఇక్కడికొచ్చాను. "సార్, మీరు తినడం మాకు ఇబ్బంది కాదు. తిన్నది రాయకపోవడం ఇబ్బంది. పదిన్నరకి పడుకుని హాయిగా నిద్రపోయే మనిషి బరువెందుకు పెరుగుతున్నాడో తెలియక మేం తల బద్దలు కొట్టుకోవాలి." నేను మంచివాణ్ని అనిపించుకోవాలని రాసిన ఐదు పేజీలూ వాళ్లకి ఎందుకూ కొరగాలేదు. చిందరవందరగా ఉన్నా సరే, ఆ గురువారం రాత్రే పనికొచ్చింది.

ఈ రోగం నా ఒక్కడిదే కాదని తర్వాత చదివి కాస్త ఊరట పొందాను. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఒక పేపరు వచ్చింది. దీర్ఘకాలం నొప్పులతో బాధపడే వాళ్లకి కాగితం డైరీలిచ్చి, రోజూ ఫలానా వేళలకి రాయమన్నారు. వాళ్లకి చెప్పకుండా, పుస్తకం తెరిచినప్పుడల్లా వెలుతురు తగిలి టైము నమోదయ్యేలా ఒక సెన్సర్ పెట్టారు. డైరీలు చూస్తే నూటికి తొంభై పాళ్లు వేళకి రాసినట్టే ఉంది. సెన్సర్ ప్రకారం నిజంగా వేళకి రాసినవి నూటికి పదకొండు! అసలు పుస్తకమే తెరవని రోజులకి కూడా నిండుగా రాసి ఉంది. అలా చెప్పకుండా సెన్సర్ పెట్టడం న్యాయమా అంటే, నాకూ కొంచెం గుచ్చుకుంది. కానీ ఆ లెక్క చూశాక మా కాలేజీ రికార్డుల్ని అంత తిట్టి ఉండాల్సింది కాదేమో అనిపించింది.

మరి మనిషి మాట నమ్మలేకపోతే తిండిని ఎలా కొలుస్తారు? నిద్ర కన్నా తిండిదే పెద్ద చిక్కు. "ఎంత అన్నం తిన్నారు?" "రెండు గరిటెలు." ఏ గరిటె? మా ఇంట్లో మూడు సైజులున్నాయి. పైగా మనం ఎప్పుడూ తక్కువే చెబుతాం. ఊరికే రుచి చూసింది, మనవడు వదిలేసింది, గుళ్లో ప్రసాదం, ఇవేవీ లెక్కలోకి రావు.

దీనికి ఫిజిక్సు వాళ్లు మెచ్చుకునే ఉపాయం ఒకటుంది. ఒక్క ఐదు నిమిషాలు పాఠం చెబుతాను, ఓర్చుకోండి. నీళ్లంటే హైడ్రోజన్, ఆక్సిజన్ అని మీకు తెలుసు. ఈ రెండింటిలోనూ కొంచెం బరువెక్కువున్న రకాలు ఉంటాయి. మామూలు హైడ్రోజన్ బరువు ఒకటైతే బరువుది రెండు, మామూలు ఆక్సిజన్ పదహారైతే బరువుది పద్దెనిమిది. రేడియేషన్ ఏమీ ఉండదు, భయం లేదు. ఆ రెండూ కలిసిన నీళ్లు కాసిని తాగిస్తారు. ఒంట్లో ఉన్న నీళ్లన్నిటిలో అవి కలిసిపోతాయి, ట్యాంకులో నీలిమందు చుక్క కలిసినట్టు. ఆ బరువు రకాలే మనకి గుర్తులు. తర్వాత మూత్రం శాంపిళ్లు తీసి ఆ గుర్తులు ఎంత వేగంగా తగ్గుతున్నాయో చూస్తారు. ఇప్పుడు తమాషా చూడండి. బరువు హైడ్రోజన్ నీళ్ల రూపంలోనే బయటికి పోతుంది, చెమట, మూత్రం, ఊపిరిలో తడి. ఆక్సిజన్ అలాగూ పోతుంది, దాంతోపాటు మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లోనూ పోతుంది. కాబట్టి ఆక్సిజన్ గుర్తు త్వరగా తగ్గుతుంది. రెండింటికీ ఉన్న తేడాని బట్టి ఒంట్లోంచి ఎంత కార్బన్ డయాక్సైడ్ వెళ్లిందో తెలుస్తుంది, దాన్నిబట్టి ఎంత శక్తి ఖర్చయ్యిందో తెలుస్తుంది. 1950ల్లో అమెరికాలో నాథన్ లిఫ్సన్ అనే ఆయన దీన్ని జంతువుల మీద మొదలుపెట్టారు. మనుషులకి వాడడం 1982 నుంచి. ఖర్చు తెలిశాక, ఒంట్లో నిలవ ఎంత పెరిగిందో తరిగిందో చూస్తే, తిన్నదెంతో లెక్క తేలిపోతుంది. జీతం ఎంత చెప్పకపోయినా, ఖర్చూ బ్యాంకు బుక్కూ చూస్తే రాబడి తెలిసిపోయినట్టే. చేగోడీలు దాచడానికి వీల్లేదు!

నాకు ఆ నీళ్లు ఇవ్వలేదు లెండి, చాలా ఖరీదు. వాటిని వాడిన పరిశోధన ఒకటి షికాగో విశ్వవిద్యాలయం వాళ్లది, ఎస్రా తసాలి అనే డాక్టరమ్మ చేయించారు. 2022 ఫిబ్రవరిలో వచ్చింది. దాని ముందు కథ కొంచెం చెప్పాలి. అదే విశ్వవిద్యాలయంలో 2004లో పన్నెండు మంది కుర్రాళ్లని లాబ్‌లో పెట్టి, రెండ్రాత్రులు నాలుగేసి గంటలు, ఇంకోసారి రెండ్రాత్రులు పదేసి గంటలు పడుకోనిచ్చారు. తక్కువ పడుకున్నప్పుడు "చాలు" అని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ 18 శాతం తగ్గింది, "పెట్టు" అని చెప్పే గ్రెలిన్ అనే హార్మోన్ 28 శాతం పెరిగింది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటాం. ఆ ఆకలీ ఈ నిద్రా లోపల మాట్లాడుకుంటాయని మనవాళ్లకి తెలియదు, అంతే తేడా.

కానీ లాబ్ అంటే లాబే. చుట్టాలింట్లో మొదటి రాత్రి మీకు నిద్ర పడుతుందా? కోడికునుకే. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండో సగం కన్నా మెలకువగా ఉంటుందని 2016లో అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. కాబట్టి లాబ్‌లో తేలింది మన ఇంట్లోనూ నిజమేనా అన్న ప్రశ్న మిగిలిపోయింది.

2022 పరిశోధన దానికే. ఎనభై మంది, 21 నుంచి 40 ఏళ్ల వాళ్లు, కాస్త బరువెక్కువున్న వాళ్లు, రోజూ ఆరున్నర గంటల కన్నా తక్కువ పడుకునే వాళ్లు. తమ ఇళ్లల్లోనే, తమ పక్కల మీదే. రెండు వారాలు అలవాటు ప్రకారం. తర్వాత రెండు వారాలు సగం మందికి ఎక్కువ పడుకునేలా సలహా ఇచ్చారు. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, వాళ్ల ఇల్లూ ఉద్యోగమూ అడిగి, దానికి తగ్గట్టు. పడుకునే ముందు ఫోన్లూ తెరలూ తగ్గించడం అందులో ముఖ్యమైన సంగతి. తిండి తగ్గించమని గానీ, నడవమని గానీ ఒక్క మాట చెప్పలేదు. వాళ్లు సగటున రోజుకి గంటా పన్నెండు నిమిషాలు ఎక్కువ పడుకున్నారు. తినడం, అలవాటు మార్చుకోని వాళ్లతో పోలిస్తే, రోజుకి సుమారు 270 కిలోకేలరీలు తగ్గింది. మన లెక్కలో నాలుగైదు ఇడ్లీలు. ఖర్చయ్యే శక్తిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఎక్కువ తిరిగి కాదు, తక్కువ తినే.

ఇది విని ఇవాళ్టి నుంచి నడక మానేసి పడుకుంటామంటే సెక్రటరీ గారు నన్ను మళ్లీ పిలవరు. (నవ్వులు) అది రెండు వారాల ముచ్చట. రెండేళ్ల తర్వాత ఏమవుతుందో అది చెప్పలేదు. మన వయసు వాళ్లు అందులో లేరు. రాత్రి డ్యూటీలు చేసే వాళ్లని చేర్చుకోలేదు. ఇంకొకటి మాత్రం చెప్పాలి, డైటింగ్ చేసే వాళ్లు వినండి. 2010లో షికాగోలోనే పది మందికి ఒకే తక్కువ తిండి పెట్టి, ఒకసారి ఎనిమిదిన్నర గంటలు, ఒకసారి ఐదున్నర గంటలు మంచం మీద ఉండనిచ్చారు. రెండుసార్లూ తగ్గిన బరువు ఇంచుమించు ఒకటే, మూడు కిలోలు. కానీ నిద్ర తక్కువైనప్పుడు తగ్గిన దాంట్లో కొవ్వు 0.6 కిలోలే. నిద్ర ఉన్నప్పుడు 1.4. మిగతాది కొవ్వు కానిది, కండా నీళ్లూ లాంటివి. మిషను మీద అంకె చూసి సంబరపడితే ఆ సంగతి తెలియదు.

ఇలాంటి వాటిల్లో మనల్ని చేరమంటే ఏం చూసుకోవాలి? మన ప్రాంతంలో ఈ భయం ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టులో గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలకి టీకాలు వేశారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో వార్డెన్లే పెట్టారని తర్వాత బయటపడింది. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. కాబట్టి సంతకం అంటే నాకు చిన్న విషయం కాదు. వివరాల కాగితం తెలుగులో ఇవ్వమనండి, ఇవ్వాలి. పరిశోధన న్యాయంగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా, వాళ్ల ఫోన్ నంబరు ఆ కాగితం మీద ఉందా చూడండి. మధ్యలో ఎప్పుడు మానుకున్నా కారణం చెప్పక్కర్లేదు, మీకు జరిగే వైద్యం ఆగకూడదు. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 2017 మార్గదర్శకాలు చెప్పేది ఇదే. మన దేశంలో జరిగే ప్రయోగాల్ని నమోదు చేసే సీటీఆర్ఐ అని ఒక రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది, పిల్లల చేత వెతికించండి. ఎవరైనా "చేరాలంటే ఐదొందలు కట్టండి" అన్నా, చివర్లో పొడి డబ్బా అమ్మినా అది పరిశోధన కాదు, వ్యాపారం. మీ ఇంట్లో జరిగే పరిశోధనకి ఇంకో ప్రశ్న ఉంది. మీరెప్పుడు పడుకుంటారో, ఎప్పుడు ఇంట్లో ఉండరో ఆ పట్టీకి తెలుసు. ఆ లెక్కలు ఎవరి దగ్గర, ఎన్నాళ్లు, పేరుతో ఉంటాయా లేకుండానా? అడగండి. నేను అడిగితే ఆ అమ్మాయి విసుక్కోలేదు, పేజీ తీసి చూపించింది.

ప్రశ్నలా? అడగండమ్మా.

(ఒక మహిళ: గంట ఎక్కువ పడుకోమంటున్నారు, బాగానే ఉంది మాస్టారూ. మా వీధిలో కుళాయి నాలుగున్నరకొస్తుంది. ఐదింటికి పాలు. నేను పడుకుంటే నీళ్లు ఎవరు పడతారు?)

(చప్పట్లు)

నా దగ్గర దీనికి జవాబు లేదమ్మా. షికాగో వాళ్ల దగ్గరా లేదు. కానీ మా ఇంట్లో జరిగింది చెబుతాను.

రెండు వారాలయ్యాక పట్టీ తీసుకెళ్లిపోయారు. ఖాళీ డైరీ కాగితాలు కొన్ని మిగిలితే మా ఆవిడ తీసుకుంది. ఎవరూ అడగలేదు, తనే ఒక వారం రాసింది, సరుకుల చీటీ రాసినట్టు పెన్సిల్‌తో. నాలాగా ఒక్కసారి కూర్చుని కాదు, రోజూ పొద్దున్నే స్టవ్ మీద పాలు పెట్టి. పక్క ఎక్కింది పదకొండూ ఇరవై. లేచింది నాలుగున్నర. పదకొండుంబావు, నాలుగూ ముప్పై ఐదు. వారమంతా అంతే. నలభై ఏళ్లుగా పక్కనే ఉన్నాను, ఐదు గంటల మనిషని నాకు తెలియదు. ఇప్పుడు కుళాయి నేను పడుతున్నాను, ఏదో పెద్ద త్యాగంలా చెప్పడం లేదు, ఎలాగూ నడకకి లేస్తాను కదా.

అసలు సంగతి ఇంకో గడిలో ఉంది. "రాత్రి మెలకువ ఎందుకు వచ్చింది?" సోమవారం, ఈయన గురక. మంగళవారం, దోమలు. బుధవారం, ఈయన గురక. గురువారం, ఈయన గురక. శుక్రవారం గడిలో ఇలా రాసి ఉంది: "గురక ఆగిపోయింది. భయం వేసి తట్టి లేపాను."

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకునే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. నా మాటల కన్నా ఆయన దాన్నే ఎక్కువసేపు చూశారు. మళ్లీ ఇంకో పరీక్ష, అదీ ఇంట్లోనే. వేలికి క్లిప్పు, ముక్కు కింద గొట్టం, ఛాతీకి బెల్టు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని తేలింది. ఇప్పుడు రాత్రిళ్లు మాస్కు పెట్టుకుని పడుకుంటున్నాను, మా మనవడు పైలట్ తాతయ్య అంటున్నాడు.

తర్వాత ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "అమ్మా, మొదటి రోజు ఫారంలో ఒక జవాబు తప్పు చెప్పాను. గురక దగ్గర లేదని ఉంటుంది, చెరిపేసి అవును అని పెట్టు" అన్నాను. "చెరపడానికి లేదు సార్, నేనే వస్తాను" అంది. ఆ శనివారం ఫారం పట్టుకొచ్చింది. వైట్నర్ పుయ్యకూడదట, గీతలు గీసి నల్లగా కొట్టెయ్యకూడదట. పాత జవాబు కనపడేలా ఒక్క గీత. పక్కన కొత్త జవాబు. దాని పక్కన ఆ రోజు తారీకు, సంతకం. పెన్ను నా చేతికిచ్చింది.

మా ఆవిడ కాఫీ తెచ్చి, నా భుజం మీదుగా వంగి, నేను అవును అని రాసే దాకా అక్కడే నిలబడింది.